నివేదికలోని నీరు, నదిలోని నీరు: బట్టల పరిశ్రమ పర్యావరణ బాధ్యత గూర్చి

నెల్లూరు తీరాన, వాకాడు ప్రాంతంలో దుగరాజపట్నం అనే గ్రామం ఉంది. నేడు ఆ పేరు వినవచ్చేది ఓడరేవు ప్రతిపాదనల సందర్భంలో మాత్రమే. కాని 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అక్కడ గిడ్డంగి కట్టుకొని, దానికి ఫిరంగుల కాపలా పెట్టుకొని, బట్టల కొనుగోలు సాగించారు. వారి కాగితాల్లో ఆ ఊరు ‘ఆర్మగాం’. అక్కడి కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే, దక్షిణాన ఇంకా చౌకగా బట్ట దొరుకుతుందని గ్రహించి 1639లో మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు. మరుసటి సంవత్సరం కంపెనీ మకాం అక్కడికి మారింది. చెన్నపట్నం చరిత్ర ఒక విధంగా మన తీరంలోని బట్టల బేరంతోనే మొదలయిందనవచ్చు.

ఆనాటి కొనుగోలుదారు చూచుకొన్నదేమిటి? థాను పొడవెంత, పన్నా ఎంత, నూలు సన్నమా ముతకా, రంగు నిలుస్తుందా, ధర ఎంత. అంతవరకే. ఇసుక నేలల్లో చిరివేరు త్రవ్వి ఎరుపు తీసినవాని కష్టం గాని, నీలిమందు ఊరబెట్టిన తొట్ల నీరు ఏ గుంటలోనికి పోయిందన్నది గాని ఆయన పద్దు పుస్తకంలోకి రావలసిన అవసరం లేదు. బట్ట ఓడ ఎక్కితే చాలు, దాని వెనుక కథ తీరంలోనే ఉండిపోయేది.

నేటి కొనుగోలుదారు ఆ కథ కూడా కావాలంటున్నాడు. ఈ చొక్కా తయారు కావడానికి ఎంత నీరు పట్టింది, ఎంత పొగ గాలిలో కలిసింది, పత్తి ఎక్కడిది, కుట్టినవారికి కూలి ముట్టిందా అని అడుగుతున్నాడు. ఈ ప్రశ్నలకు సమాధానంగా పుట్టినదే ‘సుస్థిరతా నివేదిక’. పెద్ద కంపెనీలన్నీ ఏటేటా దీనిని ప్రకటిస్తున్నాయి. అందమైన కాగితం, పచ్చని ఆకుల బొమ్మలు, పంటచేలో నవ్వుతున్న రైతు ఫోటో. ఇటువంటి నివేదిక ఎలా తయారవుతుంది, అది ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు, నిజమైన బాధ్యతకు దానికి మధ్య దూరం ఎంత అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. నివేదికలన్నీ బూటకమని మా అభిప్రాయం కాదు. అయితే అవి ఎవరి కొరకు వ్రాయబడుతున్నాయో తెలియకుండా చదివితే మోసపోవడం తేలిక.

మన దేశంలో దీనికి చట్టబద్ధమైన రూపం వచ్చి ఎంతో కాలం కాలేదు. వాటాల మార్కెట్టును నియంత్రించే సెబీ సంస్థ 2012లో మొదట 100 పెద్ద కంపెనీలు ఇటువంటి నివేదిక ఇవ్వాలని కోరింది. 2021 మేలో దానిని విస్తరించి ‘బి.ఆర్.ఎస్.ఆర్.’ అనే కొత్త నమూనా తెచ్చింది. ‘వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక’ అన్నది దాని అర్థం. మార్కెట్టు విలువను బట్టి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుండి ఇది తప్పనిసరి అయింది. ఇందులో 9 సూత్రాలున్నాయి, 6వది పర్యావరణం. తీసుకొన్న నీరు, వదిలిన నీరు, విద్యుత్తు, చెత్త, వాయువులు అన్నీ అంకెలతో చెప్పాలి. 2023లో ‘బి.ఆర్.ఎస్.ఆర్. కోర్’ పేరుతో కొన్ని ముఖ్యమైన అంకెలను వేరు చేసి, వాటిని బయటివారిచేత పరిశీలింపజేయాలన్న నియమం పెట్టారు. మొదట 150 కంపెనీలతో ప్రారంభించి క్రమంగా మిగిలినవారికి వర్తింపజేయాలని ఏర్పాటు. ఇది నిస్సందేహంగా ముందడుగే. అంతకుముందు కంపెనీ తనకు నచ్చినది తనకు నచ్చినంత చెప్పేది.

అయితే ఈ నమూనాలో ప్రశ్నలు రెండు తరగతులు. కొన్ని తప్పనిసరి, కొన్ని, ఇష్టమున్నవారు జవాబివ్వదగినవి. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లో ఎంత నీరు తోడారు, ఎంత వదిలారు అన్న ప్రశ్న రెండవ తరగతిలో ఉన్నది. సరుకు అందించే బయటి కర్మాగారాలవల్ల గాలిలో కలిసే వాయువుల లెక్క కూడా అక్కడే ఉన్నది. ఈ రెండవ లెక్కనే ‘స్కోప్ 3’ అంటారు. తన బాయిలరు నుండి వచ్చే పొగ స్కోప్ 1. తాను కొన్న విద్యుత్తు వెనుక ఉన్న పొగ స్కోప్ 2. తన కొరకు ఇతరులు చేసిన పనులన్నింటి పొగ స్కోప్ 3. బట్టల వ్యాపారంలో పేరున్న కంపెనీలు చాలావరకు తాము నూలు వడకవు, నేయవు, అద్దవు, కుట్టవు. ఇతరులచేత చేయించి తమ పేరు అంటిస్తాయి. కనుక వారి అసలు భారమంతా మూడవ లెక్కలోనే ఉంటుంది. కార్యాలయంలో దీపాలు మార్చి విద్యుత్తు ఆదా చేశామని చెప్పుకోవడం అబద్ధం కాకపోవచ్చు. కాని ఇల్లంతా కాలుతుంటే గడప తుడిచినట్లే ఉంటుంది.

ఈ మాట మన తీరానికి ఎలా వర్తిస్తుందో చూద్దాం. తడ వద్ద మాంబట్టులో అపాచీ పాదరక్షల కర్మాగారం ఉంది. అడిడాస్ కంపెనీకి అది బూట్లు చేసి ఇస్తుంది. చుట్టుపట్ల గ్రామాలనుండి వేలాదిమంది, అధికభాగం స్త్రీలు, తెల్లవారకముందే బస్సులెక్కి పనికి పోతారు. (తడ, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో చేరాయి, తీరం మాత్రం ఒకటే.) ఆ కర్మాగారంమీద ఇక్కడ మేము ఏ ఆరోపణా చేయడం లేదు. చెప్పదలచినది లెక్కల దారి గూర్చి మాత్రమే. అది మన మార్కెట్టులో లిస్టు అయిన కంపెనీ కాదు కనుక సెబీ నమూనా దానికి వర్తించదు. దాని నీరు, విద్యుత్తు, వ్యర్థాల లెక్క జర్మనీలోని కొనుగోలుదారుకు చేరుతుంది. అక్కడ వియత్నాం, ఇండోనేషియా, చైనాలలోని వందలాది కర్మాగారాల అంకెలతో కలిసి ఒక మొత్తం అవుతుంది. తాను ఎవరివద్ద సరుకు చేయించుకొంటున్నదో అడిడాస్ జాబితా ప్రకటిస్తుంది. అది మంచి అలవాటే. కాని జాబితాలో పేరు కనిపించడం వేరు, తడ వద్ద సంగతి ఏమిటో తెలియడం వేరు. తడ ప్రక్కనే పులికాట్ సరస్సు ఉంది. చిలకా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. సూళ్లూరుపేట మీదుగా కాళంగి నది వచ్చి అందులో కలుస్తుంది. ఏటా రాజహంసలు వచ్చి వాలుతాయి, జాలర్లు రొయ్య పట్టుకొని బ్రతుకుతారు. ఆ జాలరి తన నీటి గూర్చి తెలుసుకోవాలంటే ప్రపంచమంతటి మొత్తం అతనికి ఎందుకు పనికివస్తుంది?

అంకెలు నిజమైనవే అయినా, వాటిని చెప్పే తీరులో ఒక చిక్కు ఉంది. కంపెనీలు తరచు చెప్పేది మొత్తం నీరు తగ్గిందని కాదు. రూపాయి అమ్మకానికి పట్టిన నీరు తగ్గిందని. దీనిని ‘తీవ్రత’ లెక్క అంటారు. సెబీ నమూనా మొత్తాన్నీ అడుగుతుంది, తీవ్రతనూ అడుగుతుంది. నివేదిక మొదటి పుటలో పెద్ద అక్షరాలతో కనిపించేది మాత్రం తరచు రెండవదే. ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఒక మిల్లు 100 కోట్ల లీటర్ల నీరు తోడి, 100 కోట్ల రూపాయల బట్ట అమ్మింది. రూపాయికి 1 లీటరు. మరుసటి ఏడు 110 కోట్ల లీటర్లు తోడింది. ధరలు పెరిగి అమ్మకం 140 కోట్లయింది. రూపాయికి ఇప్పుడు 0.79 లీటరు. “నీటి వాడకం 21 శాతం తగ్గించాము” అని వ్రాయవచ్చు. లెక్కలో తప్పు లేదు. కాని నది 10 కోట్ల లీటర్లు అదనంగా కోల్పోయింది. నదికి రూపాయలతో సంబంధం లేదు కదా.

ఇక అద్దకం సంగతి. బట్టల పరిశ్రమలో పర్యావరణానికి పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడనే గనుక దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉంది. నూలుబట్టకు నేడు వాడే రంగుల్లో ‘రియాక్టివ్’ రంగులు ముఖ్యమైనవి. అవి నీటిలో తేలికగా కరిగి నీటిలోనే ఉండిపోవాలని చూస్తాయి. వాటిని నూలువైపు నెట్టడానికి తొట్టిలో ఉప్పు పోయాలి. చిటికెడు కాదు, లీటరుకు పదుల గ్రాముల లెక్కన. అంతా చేసినా రంగు మొత్తం బట్టకు పట్టదు. కొంత భాగం తొట్టిలోనే మిగిలి, కడుగుళ్ళలో బయటికి పోతుంది. కిలో బట్ట అద్ది కడగడానికి పాత పద్ధతుల్లో 100 లీటర్లు, ఒక్కొక్కచోట అంతకు మించి పట్టేది. ఈ నీటిలో కంటికి కనిపించేది రంగు. సున్నం, ఫెర్రస్ సల్ఫేటు వంటివి కలిపి రంగును అడుగుకు దింపవచ్చు. అప్పుడు నీరు తేటగా కనబడుతుంది. చూడవచ్చిన అధికారి తృప్తి పడవచ్చు. కాని ఉప్పు కంటికి కనిపించదు, ఈ శుద్ధితో పోదు. అది నేలలోకి, బావిలోకి, కొబ్బరిచెట్టు వేళ్ళలోకి పోతుంది.

ఇది ఊహ కాదు. తమిళనాడులో తిరుప్పూరు అనుభవం మన కళ్ళెదుట ఉంది. బనియన్ల ఎగుమతికి పేరుపొందిన ఆ పట్టణంలో వందలాది అద్దకపు కర్మాగారాలు నొయ్యల్ నదిలోకి నీరు వదిలాయి. దిగువన సేద్యం కొరకు ఒరత్తుపాళయం వద్ద కట్టిన జలాశయం 1992లో పూర్తయింది. కొన్నేళ్ళకే అది రంగునీళ్ళ తొట్టి అయిపోయింది. నీరు విడిచిపెట్టమని అడగవలసిన ఆయకట్టు రైతులే, దయచేసి ఆ నీరు మా పొలాలకు విడవవద్దని కోరవలసి వచ్చింది. రైతులు కోర్టుకు వెళ్ళారు. చుక్క నీరు కూడా బయటికి వదలరాదన్న షరతుతో 2006లో మద్రాసు హైకోర్టు గడువు పెట్టింది. గడువులు దాటిపోయాయి. చివరకు 2011 జనవరి 28న అద్దకపు కర్మాగారాలన్నీ మూసివేయాలని ఆదేశించింది. 700కు పైగా మూతపడ్డాయి. వేలమందికి పని పోయింది. ఆ తరువాతనే నీటిని జల్లెడ పట్టి, ఆవిరి చేసి, తిరిగి వాడుకొనే యంత్రాలు సరిగా నిలబడ్డాయి.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. నొయ్యల్ నల్లబడిన ఆ ఏళ్ళన్నింటిలోను తిరుప్పూరు బనియన్లు ఐరోపా, అమెరికాలలోని పెద్ద దుకాణాలకు పోతూనే ఉన్నాయి. నది మరమ్మతుకు దారితీసినది దిగువ రైతుల వ్యాజ్యం, న్యాయస్థానపు తాళంచెవి. కొనుగోలుదారుల నివేదికలు కావు.

ఆ మరమ్మతుకు కూడా ఒక ఖరీదు ఉంది. ఉప్పునీటిని ఆవిరి చేయడానికి కట్టెలో, బొగ్గో, విద్యుత్తో విస్తారంగా కావాలి. అంటే నీటి లెక్క తగ్గి పొగ లెక్క పెరుగుతుంది. ఆవిరి పోగా మిగిలిన ఉప్పు, బురద ఎక్కడో ఒకచోట పోగు పడాలి. వాటిలో కలిసిపోయిన రంగుల మూలంగా ఆ ఉప్పంతా తిరిగి పనికిరాదు. ‘జీరో డిశ్చార్జ్’ అన్న మాట చూచి సమస్య సున్నా అయిందనుకోరాదు. నీటిలో ఉన్నది గట్టుమీదికి వచ్చింది, అంతే. ఈ గట్టు ఎక్కడ, దాని క్రింద భూగర్భజలం ఎలా ఉన్నది అని అడిగే నివేదిక చాలా అరుదు.

మనకు ఇంకా దగ్గరలో చిత్తూరు జిల్లా నగరి ఉంది. మరమగ్గాలు, వాటి వెంబడి చిన్న చిన్న అద్దకపు షెడ్లు. రంగునీరు కుశస్థలీ నదిలో చేరుతున్నదని ఏళ్ళ తరబడి ఫిర్యాదులున్నాయి. ఆ నది పోయి చేరేది మద్రాసు నగరానికి త్రాగునీరిచ్చే పూండి జలాశయంలో. మన నెల్లూరు కండలేరు నుండి తెలుగుగంగ కాలువ మోసుకుపోయే కృష్ణానీరు చేరేదీ ఆ పూండికే. ఒక చేత్తో మంచినీరు పోస్తూ మరొక చేత్తో రంగు పోయడం విచిత్రంగా లేదా? అయితే ఆ షెడ్లవారిలో ఎవరికీ బి.ఆర్.ఎస్.ఆర్. వర్తించదు. పెద్ద కంపెనీలు మాత్రమే నివేదికలు వ్రాసే వ్యవస్థలో, మురికి పని చిన్నవాని షెడ్డుకు జారిపోవడం సహజం. అప్పుడు పెద్దవాని పుస్తకం శుభ్రంగా ఉంటుంది.

నివేదిక కాక, ధ్రువపత్రాలు మరొకటి. ఇది ‘సేంద్రియ పత్తి’ అని, ఇది ‘పర్యావరణ హితం’ అని చీటీలు. వీటి బలం ఎంతో 2020లో బయటపడింది. సేంద్రియ వస్త్రాలకు ప్రపంచవ్యాప్తంగా ప్రమాణం నడిపే జి.ఓ.టి.ఎస్. సంస్థ, భారతదేశంలో 20,000 టన్నుల పత్తిని దొంగ పత్రాలతో సేంద్రియమని చూపారని కనుగొని, 11 కంపెనీలను తన జాబితానుండి తొలగించింది. మందు కొట్టకుండా, దిగుబడి తగ్గినా ఓర్చుకొని నిజంగా సేంద్రియం పండించే రైతు ఉన్నాడు. అతనికి రావలసిన అదనపు ధర ఈ దొంగ కాగితాలు కొల్లగొట్టాయి. మోసపోయినది ఐరోపాలోని కొనుగోలుదారు ఒక్కడే కాడు.

2022 జూన్‌లో నార్వే వినియోగదారుల అధికార సంస్థ మరొక సంగతి తేల్చింది. ‘హిగ్’ అనే సూచిక ప్రపంచంలోని సగటు అంకెలతో ఒక్కొక్క రకం నూలుకు మార్కులు వేస్తుంది. ఆ మార్కులను ఒక ప్రత్యేకమైన చొక్కాకు అంటించి, ఇది పర్యావరణానికి మేలు అని ప్రచారం చేయడం తప్పుదారి పట్టించడమేనని నొరోనా అనే కంపెనీకి చెప్పి, హెచ్ అండ్ ఎమ్ కంపెనీని కూడా హెచ్చరించింది. సగటు చెరువు లోతు మోకాలి లోతే కావచ్చు. మునిగేవాడు మునిగేచోటనే మునుగుతాడు. మన దేశంలో కూడా 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘గ్రీన్‌వాషింగ్’ను, అనగా లేని పచ్చదనాన్ని పూసుకోవడాన్ని, అరికట్టడానికి మార్గదర్శకాలు ప్రకటించింది. ‘పచ్చనిది’, ‘సహజమైనది’ అని ఊరక అనరాదు, ఆధారం చూపాలి.

ఈ సందర్భంలో మన పాఠకులకు పరిచయమైన ఒక పాత వ్యవస్థను తలచుకోవడం అప్రస్తుతం కాదు. ఇస్లామీయ నగరాల్లో అంగడిని కనిపెట్టి చూచే అధికారిని ముహ్తసిబ్ అనేవారు. ఆయన చేసే పని హిస్బా. 12వ శతాబ్దిలో షైజరీ, 14వ శతాబ్ది ఆరంభంలో ఇబ్నుల్ ఉఖువ్వా ఈ అధికారి కొరకు కరదీపికలు వ్రాశారు. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క ప్రకరణం. నేతగాండ్రకు, అద్దకంవారికి కూడా ఉన్నాయి. మంజిష్ఠతో అద్దవలసిన ఎరుపును గోరింటాకుతో అద్దితే మొదట నిగనిగలాడి, ఎండ తగలగానే వెలిసిపోతుందని, అటువంటి పనిని ఆపాలని షైజరీ హెచ్చరించాడు. రొట్టెల భట్టీవారి దుకాణాలకు పైకప్పు ఎత్తుగా ఉండాలని, పొగ పోవడానికి వెడల్పయిన దారి ఉండాలని కూడా ఆ పుస్తకాల్లో ఉంది. ముహ్తసిబ్ అన్ని వృత్తులూ ఎరుగడు కనుక, ఆయా వృత్తిలోనివానినే ఒకనిని నమ్మకస్తుణ్ణి చూచి ‘అరీఫ్’గా నియమించుకొనేవాడు. వృత్తిలోని కిటుకులు వృత్తివానికే తెలుస్తాయి.

నేటి పరిశీలకునికి, ఆనాటి ముహ్తసిబ్‌కు తేడా ఏమిటి? నేటి పరిశీలకునికి ఫీజు చెల్లించేది పరిశీలింపబడే కంపెనీయే. ఆయన చాలావరకు చూచేది కాగితాన్ని; వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ముహ్తసిబ్ చూచేది సరుకును, చెప్పకుండా వచ్చి. ఆ పాత వ్యవస్థ లోపం లేనిదని మేము అనడం లేదు. లంచం తిన్న ముహ్తసిబులను ఎత్తిపొడిచే కథలు కూడా చరిత్రలో కొల్లలు.

హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధమైన ఒక ఉదంతం ఇక్కడ మరింత సూటిగా తగులుతుంది. దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపు కుప్పలోనికి చేయి చొప్పించగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. అట్లయితే జనానికి కనబడేలా ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. తడిసిన ధాన్యం అమ్మవద్దనలేదు. తడిని పైన పెట్టమన్నారు. నివేదిక ఎలా ఉండాలన్నదానికి ఇంతకంటె తేటయిన కొలబద్ద మాకు కనబడలేదు. నేటి నివేదికల్లో పొడిగింజలు పైన ఉంటాయి. తడి, 140వ పుటలో చిన్న అక్షరాల్లో, ‘పరిధికి వెలుపల’ అన్న శీర్షిక క్రింద ఉంటుంది.

మరొక పాత ఆధారం. 19వ శతాబ్దిలో తుర్కీ ప్రభుత్వం హనఫీ న్యాయాన్ని క్రోడీకరించి ‘మజల్లా’ అనే సంహిత చేసింది. అందులో 1212వ అధికరణం ఇటువంటి వివాదానికే సంబంధించినది. ఒకని మంచినీటి బావికి దగ్గరగా మరొకడు మురుగుగుంట కట్టి, బావి నీరు చెడిపోతే, ఆ చెరుపు తొలగించాలి; తొలగించడం సాధ్యం కాకపోతే గుంటనే పూడ్చివేయాలి. గుంట కట్టినవాడు ఎంత ఖర్చుతో కట్టాడు, నిరుటికంటె ఎంత తక్కువ మురికి పోశాడు అన్న విచారణ అక్కడ లేదు. బావి దగ్గర నిలబడి చూడాలి. నివేదిక దుకాణం దగ్గర మొదలవుతుంది. బాధ్యత బావి దగ్గర మొదలవుతుంది.

మన తీరం ఈ తేడాను ఒకసారి చవిచూచింది. అది బట్టలవల్ల కాదు, రొయ్యలవల్ల. 1990 తరువాత నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులు వెలిశాయి. ఎగుమతి డాలర్ల లెక్కలు వినసొంపుగా ఉండేవి. అదే కాలంలో కుర్రు అనే గ్రామంలో నాలుగు వైపులా చెరువులు కమ్ముకొని, 600 మంది మత్స్యకారులకు త్రాగునీరు లేకపోయిందని, ఆడవారు ఆందోళన చేసిన తరువాత ట్యాంకర్లతో నీరు తోలవలసి వచ్చిందని ఆనాటి పరిశీలనల్లో నమోదయింది. నాగపూరులోని ‘నీరి’ సంస్థ శాస్త్రజ్ఞులు తీరానికి వచ్చి చూచారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, జగన్నాథ్ కేసులో, తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించాలని, చెరచినవాడే నష్టం భరించాలని తీర్పు ఇచ్చింది. తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చి ఆ పెంపకానికి వేరే దారి ఏర్పరచింది. తీర్పు వ్రాసినట్లుగా అంతా అమలు కాలేదన్నది తీరవాసులందరికీ తెలుసు. అయినా ఎగుమతి పద్దులో కుర్రు బిందె కనబడదన్న సత్యం కోర్టు రికార్డుల దాకా పోయింది.

ఇదంతా చదివిన తరువాత కొందరు మిత్రులు, అట్లయితే చేనేత కొనడమే పరిష్కారం కదా అంటారు. వెంకటగిరి చీర మన జిల్లాకు కీర్తి తెచ్చినది. సన్ననూలు, చేతితో తీర్చిన జాందానీ బుటా. మగ్గానికి కరెంటు అక్కరలేదు, పొగ లేదు. దానిని కొనడం మంచిదే, నేతవాని ఇంట పొయ్యి వెలుగుతుంది. కాని సత్యం చెప్పవలసి వస్తే, చేనేత నూలుకు వేసే రంగులు కూడా నేడు చాలావరకు రసాయనపు రంగులే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, నీలిమందు, బెల్లం-ఇనుప కసటుతో రంగులు తీసే పద్ధతి ఇంకా బ్రతికి ఉన్నది. అది చీరల మగ్గాలన్నింటికీ సరిపడేది కాదు. ఇంటి వెనుక తొట్టిలో నూలు అద్దే కుటుంబానికి శుద్ధియంత్రం కొనే స్తోమత లేదు. వారి చేతులు కూడా అందులోనే నానుతాయి. కొందరికి కలిపి ఒక శుద్ధికేంద్రం ప్రభుత్వమో సహకార సంఘమో కట్టి, దానిని నడిపే ఖర్చు చీర ధరలో చేర్చి, ఆ మాట కొనేవారికి చెప్పడం న్యాయమైన దారి. కట్టడంకంటె నడపడమే కష్టం. రిబ్బను కత్తిరించిన తరువాత నెల నెలా కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గరే ఇటువంటి కేంద్రాలు ఆగిపోతాయి.

మరి నివేదికను ఎలా చదవాలి? మా అలవాటు ఇది: ముందుమాటలు, ఫోటోలు వదలిపెట్టి, నాలుగు సంగతులు వెదకుతాము. ఏ నదిలోకి, ఏ చెరువులోకి నీరు పోతున్నదో దాని పేరు ఉన్నదా? ఆ నీటిలో రంగు గూర్చే చెప్పారా, కరిగిన ఉప్పు ఎంతో కూడా చెప్పారా? మొత్తం ఎంతో మూడు నాలుగు ఏళ్ళకు వరుసగా ఇచ్చారా, లేక రూపాయికి ఎంతో మాత్రమే ముందుకు తెచ్చారా? బురద ఎక్కడ పెట్టారు? ఈ నాలుగింటికీ జవాబు ఉన్న నివేదిక, అంకెలు చెడుగా ఉన్నా, తడిని పైన పెట్టినదే. అటువంటి కంపెనీని నిందించడానికి బదులు గౌరవించాలి. ఎందుకంటే చెడు అంకె చెప్పినవానిని దులిపి, ఏమీ చెప్పనివానిని వదలివేస్తే, రేపు ఎవ్వరూ నోరు విప్పరు.

కొనుగోలుదారు కూడా ఇందులో భాగస్వామియే. పెద్ద బ్రాండు ఒక చేత్తో పర్యావరణ నియమావళి పంపి, మరొక చేత్తో చొక్కాకు ధర తగ్గించమని ఉత్తరం వ్రాస్తే, కర్మాగారంవాడు ఏది పాటిస్తాడు? ఆవిరియంత్రం రాత్రిపూట ఆపివేస్తే ఎంత మిగులుతుందో వానికి తెలుసు. కనుక శుద్ధి ఖర్చు ఎవరు భరిస్తున్నారో, కొనుగోలు ధరలో దానికి చోటు ఇచ్చారో లేదో నివేదికలో చెప్పవలసిన విషయమే. ఇంతవరకు ఏ నమూనా కూడా దీనిని సూటిగా అడగలేదు.

భాష సంగతి కూడా ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం, ఒక పెద్ద కర్మాగారం రావడానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరిపేటప్పుడు, ఆ అంచనా సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. ఆ తెలుగు ఎంత కృతకమైనదైనా, ఊరివాడు పట్టుకొని చదివి, సభలో లేచి ప్రశ్నించడానికి ఒక కాగితం ఉంటుంది. కర్మాగారం వచ్చిన తరువాత ఏటేటా వెలువడే బి.ఆర్.ఎస్.ఆర్.కు అటువంటి నిబంధన లేదు. అది ఇంగ్లీషులో, స్టాక్ ఎక్స్ఛేంజికి పంపబడుతుంది. కాళంగి ఒడ్డున, పులికాట్ గట్టున ఉన్నవారికి సంబంధించిన రెండు పుటలైనా తెలుగులో అచ్చువేసి, మండల కార్యాలయం గోడకు అంటించడానికి కంపెనీకి అయ్యే ఖర్చు, ఆ నివేదిక అట్టమీద ఆకుల బొమ్మకు అయినంత కూడా ఉండదు.